కిటికీ వెలుతురు

వేసవిలో పాలమూరు, నల్లగొండ ప్రాంతములందు మధ్యాహ్నము దాటిన పిమ్మట వీథులలో జనసంచారము తగ్గిపోవును. ఇండ్లవారు తలుపులు, కిటికీలు మూసికొని చల్లని బండలపై మేను వాల్తురు. అట్టి చీకటిగదిలో నిదురరాక మేలుకొనియున్న పిల్లలు ఒక్కొక్కప్పుడు ఒక వింతను చూతురు. తలుపుచెక్కలోని సన్నని రంధ్రమునుండియో, పెంకుల సందునుండియో లోనికి దూరిన వెలుతురు ఎదుటి గోడపై బయటి వీథిని చిత్రించును. అందు వేపచెట్టు తలక్రిందుగా వ్రేలాడుచుండును. మేక కాళ్లు పైకి, వీపు క్రిందికి పెట్టి నడచిపోవును. ఇది గారడి కాదు. వెలుతురు సరళరేఖలలో పయనించును. చెట్టుకొననుండి బయలుదేరిన కిరణము రంధ్రమును దాటి గోడ అడుగుభాగమును చేరును. చెట్టు మొదటినుండి వచ్చిన కిరణము పైభాగమును చేరును. కావుననే బొమ్మ తలక్రిందులగును. వెయ్యేండ్ల క్రిందట బస్రాలో పుట్టి కైరో నగరమున నివసించిన ఇబ్న్ అల్ హైతమ్ అను పండితుడు సన్నని రంధ్రముగుండా వచ్చు వెలుతురును పరిశీలించి గ్రంథస్థము చేసెను.

కెమెరా అను మాటకు లాటిను భాషలో గది యని యర్థము. చీకటిగదిలో ఏర్పడు బొమ్మను చిన్న పెట్టెలో పట్టి నిలుపుటకై చేసిన యత్నములనుండియే నేటి కెమెరా పుట్టినది. కెమెరా యనగా ఒక చిన్నగది. లెన్సు ఆ గదికి కిటికీ. కిటికీకి సంస్కృతమున గవాక్షమని పేరు. గో, అక్షము అను రెండు పదములు కలిసి గవాక్షమైనది; ఆవు కన్ను అని దాని యర్థము. ఆంగ్లేయుల విండో అను మాట ప్రాచీన నార్సు భాషనుండి వచ్చినది. అందు దాని కర్థము గాలికన్ను. దూరదూర దేశములవారు కిటికీని చూచి కంటినే తలచుట ముచ్చటైన విషయము. పాలమూరు పల్లెలలోని పాత మట్టిమిద్దెలకు కప్పునడుమ వెలుతురుకై ఒక రంధ్రము విడుచుట కలదు. దానిని నేటికిని గవాచి యని పిలుచువారున్నారు. ఆ పలుకులో ఒక ఆవు కన్ను దాగియున్నదని ఎందఱెఱుగుదురు?

ఛాయాచిత్రముల చరిత్రలో మొదటినుండియు కిటికీకే పెద్దపీట. నేడు నిలిచియున్న ఛాయాచిత్రములలో మొట్టమొదటిది ఫ్రాన్సు దేశమున నిసెఫోర్ నియెప్స్ అను నతడు 1826లోనో 1827లోనో తన మేడకిటికీనుండి తీసినది. అందు కనబడునవి ఇంటికప్పులు, గోడలు మాత్రమే. ఆ పలకపై బొమ్మ నిలుచుటకు కనీసము ఎనిమిది గంటలు పట్టినదందురు. ఆలోపల సూర్యుడు తూర్పునుండి పడమటికి సాగిపోయినందున రెండువైపుల గోడలకును ఎండ తగిలినట్లు అందు కనబడును. 1835 ఆగస్టులో ఇంగ్లండునందు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అను శాస్త్రజ్ఞుడు తన భవనములోని ఒక కిటికీనే చిత్రించెను. నేడున్న నెగెటివులలో అదియే అతిప్రాచీనమైనది. తపాలబిళ్లంత కాగితముపై ఆ కిటికీయొక్క గాజుపలకలు ఇంచుమించు 200 పడినవి. టాల్బట్ ఈ పనికై చిన్న చిన్న చెక్కపెట్టెలు చేయించి అక్కడక్కడ ఉంచెడివాడు. వానిని చూచి అతని భార్య ఎలుకబోనులని పరిహసించెడిది. పేరునకు ఎలుకబోనులే గాని వానిలో ఎలుక చిక్కుట కల్ల. పడవలసిన బొమ్మ పడునంతదాక కదలక కూర్చుండు ఎలుక యెక్కడ నుండును?

జంతువుల చిత్రములకు వచ్చు చిక్కంతయు ఇదియే. అవి కదలక కూర్చుండవు.

తెలుగునేలపై ఈ కళను గూర్చి చెప్పునప్పుడు మొదట తలపునకు వచ్చువాడు రాజా దీనదయాళు. ఆయన 1844లో మీరటు సమీపమునందలి సర్ధనాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఛాయాచిత్రకళను అభ్యసించెను. ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన చిత్రకారునిగా నియమించెను. 1890లో పాలమూరునకు మహబూబ్‌నగరమను పేరు వచ్చినది ఆ ప్రభువు పేరిటనే. దీనదయాళు సికింద్రాబాదున చిత్రశాల నెలకొల్పెను; 1892లో ఘోషాస్త్రీల కొఱకు హైదరాబాదున వేఱుగా నొక శాల తెఱచి, దానిని ఒక ఆంగ్లేయ వనితకు అప్పగించెను. విద్యుద్దీపములు వ్యాపింపని ఆ కాలమున చిత్రశాలలకు సూర్యుడే దీపము. పెద్ద గాజుకిటికీలు, గాజుకప్పులు అమర్చి, తెఱలు జరుపుచు, వెలుతురును హెచ్చించుచు తగ్గించుచు చిత్రములు తీసెడివారు.

ఆ శాలవారు జంతువులను తీయలేదా యనగా, తీసిరి. వేటలో కూలిన పులులను తీసిరి. 1902లో వైస్రాయి కర్జను దంపతులు నిజాము రాజ్యమునకు వేటకై వచ్చి, చచ్చిన పులి ప్రక్క నిలిచి తీయించుకొన్న చిత్రము నేటికిని ప్రసిద్ధము. చచ్చిన పులి కదలదు; బ్రదికిన పిల్లి కదలును. పులికి దక్కిన గౌరవము పిల్లికి దక్కకపోవుటకు ఇది యొక కారణము. పిల్లిని చంపుటలో ఘనత లేకపోవుట రెండవ కారణము. కాలము మాఱినది. నల్లగొండ, నాగర్‌కర్నూల్ జిల్లాలలో వ్యాపించిన అమ్రాబాదు పులుల రక్షితారణ్యమున ఇప్పుడు అటవీశాఖవారు చెట్లకు కెమెరాలు కట్టుచున్నారు. పులి ఆ త్రోవను నడచినంతనే కెమెరా తనంతట తానే చిత్రము తీయును. మేని చారలనుబట్టి ఇది ఫలానా పులి యని గుర్తింతురు. పులియు బ్రదికియుండును, చిత్రమును దక్కును.

కదలెడి జంతువును కాగితముపై నిలిపి చూపినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. 1878లో కాలిఫోర్నియాయందు గుఱ్ఱము పరుగెత్తు బాట ప్రక్కన 12 కెమెరాలను వరుసగా పెట్టి, అది సాగిపోవుచుండగా ఒకదాని వెంట నొకటి పనిచేయునట్లు అతడు ఏర్పఱచెను. పరుగులో ఒక క్షణమున గుఱ్ఱము నాలుగు కాళ్లును నేలను విడుచునని అప్పుడు తేలినది. ఆనాడు అంత ప్రయాసతో సాధించిన వేగము నేడు చేతిలోని ఫోనునకే అబ్బినది. అట్లయినను ఇంటిలో కుక్కపిల్లను తీసిన చిత్రమున ముఖము మసకబాఱి, తోక విసనకఱ్ఱవలె కనబడుచుండును. ఇది ఫోను లోపమని పలువురు తలంతురు. నిజమునకు లోపము వెలుతురుది.

బయటి మిట్టమధ్యాహ్నపు వెలుతురు ఇంటిలోని వెలుతురుకంటె నూఱురెట్లకు పైగా హెచ్చు. మన కన్ను చీకటికి త్వరలోనే అలవాటుపడును గనుక ఈ భేదము మనకు తెలియదు. కెమెరాకు తెలియును. తనకు చాలినంత వెలుతురు చేరునంతదాక అది తలుపు తెఱచియుంచును. ఆరుబయట సెకనులో 1000వ వంతు చాలినచోట, గదిమూలలో 10వ వంతు కావలసి రావచ్చును. ఆలోపల కుక్క తోక ఇటునుండి అటు పోవును. నిద్రించు పిల్లికి 30వ వంతు చాలును. మేలుకొని చూచు జంతువునకు 125వ వంతైనను ఉండవలెను. ఆడుకొను పిల్లలకు 500వ వంతు కావలెను. ఇండ్లలో ఇది సాధ్యమగు తావు కిటికీ దగ్గఱనే.

ఫ్లాషు వెలిగింపరాదా యని అడుగవచ్చును. కుక్క, పిల్లి, ఆవు, మేక మొదలగువాని కంటిలో వెనుకవైపున అద్దమువంటి పొర యొకటి కలదు. లోనికి వచ్చిన కొద్దిపాటి వెలుతురును తిప్పికొట్టి మఱల వాడుకొనుటకు, రాత్రివేళ చూచుటకు, అది తోడ్పడును. ఎదురుగా ఫ్లాషు వెలిగినచో ఆ పొర పచ్చగానో పసుపుగానో మండినట్లు మెఱయును. ఇంటివారికి ప్రాణమైన పిల్లి చిత్రములో దయ్యమై కూర్చుండును. అంతేకాదు, చీకటిలో విచ్చుకొనియున్న కంటిపై హఠాత్తుగా అంత వెలుగు పడుట దానికి వెఱపు కలిగించును. ఒకమారు బెదరిన జంతువు మఱునాడు ఫోను చూచినంతనే మంచము క్రింద దూరును. కిటికీ వెలుతురు బెదరింపదు. ప్రక్కనుండి మెల్లగా వచ్చి, ముఖము ఒకవైపున తెల్లగా, రెండవవైపున నీడగా పఱచుకొనును. కంటి నల్లగ్రుడ్డుపై కిటికీ చిన్న చుక్కవలె ప్రతిఫలించును. ఆ చుక్క యున్న కన్ను బ్రదికియున్నట్లును, లేని కన్ను గాజుపూసవలెను కనబడును. దూడను కిటికీ దగ్గఱ నిలిపి దగ్గఱగా చూచినచో ఆ చుక్కలో కిటికీ ఊచలు కూడ లెక్కింపవచ్చును. గవాక్షమను పేరు పెట్టినవారు ఇట్టి దానినే చూచి పెట్టిరేమో!

ఏ కిటికీ మంచిదని యడిగినచో చిత్రకళా గ్రంథములు తఱచుగా ఉత్తరపు కిటికీని చెప్పును. ఆ గ్రంథములలో పెక్కులు ఐరోపాలో వ్రాయబడినవి. అచ్చట మధ్యాహ్న సూర్యుడు ఎల్లప్పుడును దక్షిణమున నుండును. ఉత్తరపు కిటికీలోనికి ఆకాశపు వెలుతురే గాని ఎండ ప్రవేశింపదు. ఈ సూత్రమును ఇచ్చట కన్నులు మూసికొని పాటింపరాదు. నల్లగొండ ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశముపై నున్నది. మహబూబ్‌నగరము దానికి కొంచెము దక్షిణమున నున్నది. మే రెండవ వారమునుండి ఆగస్టు మొదటి వారము వఱకు సూర్యుడు ఇచ్చట నడినెత్తిని దాటి ఉత్తరమునకు ఒరగియుండును. ఆ దినములలో ఉదయ సాయంకాలములందు ఉత్తరపు కిటికీలోనికి ఎండ ఏటవాలుగా చొఱబడును. దక్షిణపు కిటికీయే దినమంతయు నీడపట్టున నుండును. చలికాలమున ఇది తాఱుమాఱగును. కాబట్టి దిక్కునుబట్టి గాక నీడనుబట్టి నిర్ణయించుకొనుట మేలు. కిటికీ ప్రక్క గోడకు జేనెడు దూరమున చేతిని పట్టి చూడవలెను. వ్రేళ్ల నీడ కత్తితో కోసినట్లు పడినచో అది ఎండ. అంచులు కరగిపోయినట్లు మెత్తగా పడినచో అది కావలసిన వెలుతురు. ఎండ పడుచున్న కిటికీ తప్ప వేఱొకటి లేనిచో పలుచని తెల్లని ధోవతిని దానికి అడ్డముగా కట్టినచో చాలును. ఎండ ఆ గుడ్డలో పరచుకొని కిటికీయంతయు దీపమగును. వానకాలమున ఆ శ్రమయు లేదు. మబ్బు క్రమ్మిన ఆకాశమే ధోవతి.

ఈ ప్రాంతపు పాత ఇండ్లకు రాతిగోడలు మందములు. కిటికీలు చిన్నవి, లోతైనవి. ఎండను లోనికి రానీయకుండుటకై పెద్దలు అట్లు కట్టిరి. అట్టి ఇండ్లలో అన్నిటికంటె పెద్ద కిటికీ దర్వాజయే. తెఱచిన దర్వాజకు రెండు మూడడుగుల లోపల, గడప దాటిన నీడలో, వెలుతురు చక్కగా నుండును. పిల్లులకును కుక్కలకును ఈ తావు ముందే తెలియును. అవి పండుకొను చోటును చూచి వెలుతురును వెదకికొనువారు తెలివైనవారు.

వనపర్తి ప్రాంతమున ఒక గొఱ్ఱెలకాపరి ఇల్లు ఉన్నదనుకొందము. ఆ మందలో ఇంకను కొన్ని దక్కని గొఱ్ఱెలున్నవి. వాని ఉన్ని నల్లనిది, ముతకది. ఆ ఉన్నితోనే కురుమలు గొంగళ్లు నేయుదురు. గొంగడి నలుపు అద్దకమువలన వచ్చినది కాదు. గొఱ్ఱె పుట్టుకతో తెచ్చినది. ఉన్నికి గిరాకి తగ్గి మాంసమునకు హెచ్చినందున మందలలో నల్లగొఱ్ఱెలకు మాఱుగా ఉన్నిలేని నెల్లూరు జాతి గొఱ్ఱెలు చేరుచున్నవి. తల్లి చనిపోగా సీసాపాలతో ఇంటిలో పెరిగిన నల్లని పొట్టేలుపిల్ల యొకటి ఆ యింట నున్నది. ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు దానిని విడువదు. అది ఆమె కొంగు విడువదు. దసరా దాటిన పిమ్మట దానిని పెబ్బేరు సంతకు తోలుదుమని తాత చెప్పియున్నాడు. దాని పటము ఒక్కటియైనను తన దగ్గఱ నుండవలెనని బాలిక కోరిక.

మొదట ఆమె మధ్యాహ్నము వాకిటిలో తీసినది. ఎండలో వాకిలి తెల్లగా మెఱసినది. పిల్ల నల్లని ముద్దగా పడినది. అందు కన్నేదో, చెవియేదో తెలియలేదు. రాత్రి బల్బు వెలుతురులో ఫ్లాషుతో తీసినది. రెండు పచ్చని మంటలు, వాని వెనుక పొగవంటి నలుపు.

“నల్లపిల్ల పటములో నల్లగానే పడును బిడ్డా, దాని కేమి చేయుదుము?” అని తాత నవ్వెను.

“మఱి నా కంటికి అన్నియు కనబడుచున్నవి గదా తాతా!” అని బాలిక బదులు చెప్పెను.

ఆమె పలికినది సత్యము. కంటికి కనబడునది కెమెరాకు ఏల కనబడలేదు? ఎండలో నున్న తెల్లని వాకిలియు, నల్లని ఉన్నియు ఒక్క చిత్రములో ఇముడవలసివచ్చినప్పుడు కెమెరా రెండింటికిని న్యాయము చేయజాలదు. వెలుతురు హెచ్చుగా నున్నదానివైపు మొగ్గి, నలుపును అంధకారమున త్రోసివేయును. నల్లని జంతువునకు కావలసినది మిక్కుటమైన వెలుతురు కాదు. ఒక ప్రక్కనుండి వచ్చి ప్రతి వెండ్రుకను నిమిరిపోవు వెలుతురు.

మఱునాటి ఉదయము ఏడున్నర గంటలకు, పాలు త్రాగి పిల్ల సోమరిగా నున్న వేళ, బాలిక దర్వాజ లోపల పాత గొంగడి పఱచినది. గొంగడిపై నల్లపిల్ల కనబడదని తోచి, దానిని తీసివేసి గోనెపట్టా వేసినది. వెలుతురు పిల్లకు ఎడమప్రక్కనుండి వచ్చునట్లు, తాను దర్వాజకు అడ్డుపడకుండ, నేలపై పిల్ల కంటి ఎత్తునకు వంగి కూర్చున్నది. కుడివైపు నీడ మిక్కిలి చిక్కగా నుండుటచే తాత తెల్ల తువాలును బియ్యపు సంచిపై నారవేసి ఆ ప్రక్క నిలిపినది. దర్వాజ వెలుతురు తువాలుపై బడి, తిరిగి పిల్ల కుడిచెంపను తాకినది. పిల్ల మొదట రెండడుగులు లోనికి జరుగగా ముఖము చీకటిలో పడినది. చిన్న కిటికీ యైనచో దూరము రెట్టింపైనంతనే వెలుతురు సుమారు నాలుగవ వంతునకు తగ్గును. పెద్ద దర్వాజకు అతిసమీపమున ఈ లెక్క సరిగా చెల్లదు గాని, ఒక్క అడుగు దూరము కూడ ఎంత మార్పు తెచ్చునో అప్పుడు ఆమెకు తెలిసినది. చిక్కుడాకు ఆశచూపి పిల్లను మఱల వెలుతురునకు రప్పించినది.

ఇంకొక చిక్కు మిగిలినది. ఫోను తెరపై పిల్ల బూడిదరంగుగా కనబడినది. కెమెరాలోని కొలతసాధనమునకు ఎదుట నున్నది నల్లగొఱ్ఱెయో తెల్లగోడయో తెలియదు. ఎదుటనున్నదెల్ల నడితరపు బూడిదవన్నె యని తలచి, నలుపును వెలయించును, తెలుపును మందగించును. తెరపై పిల్ల కంటిమీద వ్రేలు మోపి, అక్కడ కనబడిన సూర్యుని గుఱుతును కొంచెము క్రిందికి జరిపినంతనే నలుపు నలుపైనది. తెల్లకుక్కయో తెల్లపిల్లియో యైనచో పైకి జరుపవలెను.

పదిమార్లు తీయగా ఒకటి కుదిరినది. అందు ఉన్ని ఉంగరములు ఉంగరములుగా కనబడినది. ఎండకు మాడిన వాని కొనలు గోధుమరంగు దేలియున్నవి. ముక్కుపై తడి మెఱసినది. కంటిలో దర్వాజ నిలువుగా, చిన్నదిగా, తెల్లగా నున్నది. తాత ఫోనును దూరముగా పట్టి కొంతసేపు చూచెను.

“ఈ చెవి దీని తల్లి చెవియే బిడ్డా,” అనెను.

దసరా దాటిన పిమ్మట పిల్లను సంతకు తోలిరి. దానిని ఇంట నుంచుకొని మేపుటకు ఆ కుటుంబమునకు స్తోమత చాలదు. పటము మాత్రము కాగితముపై ముద్రింపబడి గోడ కెక్కినది.

తెలుపు, నలుపు ఒకే మేనిపై నున్నప్పుడు పని ఇంకను సూక్ష్మమైనది. అమ్రాబాదు గుట్టలలో పెరుగు పొడ తూర్పు ఆవులు ఇట్టివి. తెల్లని మేనిపై గోధుమవన్నె మచ్చలు, అనగా పొడలు, ఉండుటచే వానికా పేరు వచ్చినది. 2020లో ఈ పశువులకు దేశమునందలి ప్రత్యేకజాతిగా గుర్తింపు లభించినది. అట్టి దూడను ఎండలో తీసినచో తెల్లభాగము సున్నపుగోడవలె ఏమియు కనబడకుండ పోవును. పాకవాకిట నీడలో తీసినచో తెలుపుపై రోమములును, మచ్చల అంచులును నిలుచును. ఒక జాతిని మచ్చలనుబట్టి గుర్తింపవలసి యున్నప్పుడు ఆ మచ్చలు ఉన్నవి ఉన్నట్లు పడుట చిన్న విషయము కాదు.

గోడల రంగును కూడ గమనింపవలెను. ఆకుపచ్చ రంగు వేసిన గదిలో తెల్లపిల్లి పచ్చకామెర్లు వచ్చినదానివలె నుండును. గోడకు తగిలి వచ్చిన వెలుతురు గోడ రంగును వెంటదెచ్చును. సున్నము కొట్టిన గోడ అన్నిటికంటె మేలైనది. ఎఱ్ఱమన్నుతో అలికిన నేల క్రిందినుండి కొంచెము వెచ్చని వన్నె నిచ్చును. అది కుక్కలకును దూడలకును అందమే. క్రొత్త ఇండ్ల కిటికీలకు వేయు నీలిగాజు, నల్లగాజు మాత్రము పనికిరావు. తలుపు ప్రక్కకు జరిపి తీయవలెను. పగటివేళ గదిలో బల్బు వెలుగుచున్నచో దానిని ఆర్పవలెను. లేనిచో ఒక చెంప నీలముగాను ఒక చెంప పసుపుగాను పడును.

ఇక ఓరిమి. జంతువును త్రాడుతో కట్టి, మెడ పట్టి, కిటికీవైపు త్రిప్పి తీసిన చిత్రములు కొల్లలు. వానిలో జంతువు చెవులు వెనుకకు వాలియుండును, తోక కాళ్లనడుమ నుండును. అది బొమ్మకు కూర్చున్నది కాదు, శిక్షకు కూర్చున్నది. నిదుర రాకుండ కుక్క ఆవులించుట, మాటిమాటికి మూతి నాకికొనుట, పిల్లి తోకను నేలకు కొట్టుట, ఇవి చాలించుమని చెప్పు గుఱుతులు. అప్పుడు చాలింపవలెను. పిల్లలనుకన్న కుక్క దగ్గఱకు, తినుచున్న కుక్క దగ్గఱకు, ఎఱుగని కుక్క దగ్గఱకు ఫోనుతో పోరాదు. కఱచినచో గాయమును వెంటనే సబ్బుతో, పాఱు నీటితో పావుగంటసేపు కడిగి, ఆలస్యము చేయక ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. పిల్లిని కటకటాలులేని మేడకిటికీపై కూర్చుండబెట్టరాదు. మంచి పద్ధతి యేమనగా, ముందుగా వెలుతురున్న తావున గోనెపట్టా పఱచి, ఫోనును ప్రక్కనుంచుకొని, తన చదువు తాను చదువుకొనుచుండుట. పావుగంటకో అరగంటకో పిల్లి తానే వచ్చి పట్టాపై కూర్చుండును. పిల్లికి పఱచిన చోటు కంటబడినచో ఊరకుండదు గదా!

పంజరములోని చిలుకను తీయ వేడుకపడువారు ఒకటి తెలిసికొనవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశపు చిలుకలను పట్టుట, అమ్ముట, పెంచుట నేరము. వానిని చిత్రింపదలచినవారికి కిటికీయే మార్గము. కాకున్న ఈమాఱు లోపలికి గాక బయటికి చూడవలెను. గదిలో దీపము ఆర్పి, కిటికీకి కొంచెము వెనుకగా నీడలో కూర్చున్నచో, వేపకొమ్మపై పండ్లు తిను చిలుకకు లోపలి మనిషి కనబడడు. టాల్బట్ ఎలుకబోనువలెనే ఆ గదియంతయు అప్పుడు కెమెరా యగును.

చక్కని పశుచిత్రమువలన ఇంటికి ధనసహాయము కూడ కలుగవచ్చును. ఆవులకు, గేదెలకు భీమా చేయించునప్పుడు చెవికి బిళ్ల వేసి, ఆ బిళ్ల కనబడునట్లు పశువును చిత్రము తీసి జతపఱుతురు. పశువు చనిపోయిన దినమున, ఇది ఆ పశువే యని చూపుటకు ఆ చిత్రము అక్కఱకు వచ్చును. ఎండలో తీసిన చిత్రమున పసుపుపచ్చని బిళ్లపై అంకెలు తెల్లబోయి చదువరాకుండును. పాక నీడలో, బిళ్ల వెలుతురువైపు నుండునట్లు నిలిపి తీసినచో పన్నెండంకెలును స్పష్టముగా నుండును. ఇండ్లలో ఈ పని ఇప్పుడు బడిపిల్లలదే. పెద్దలు పశువును పట్టుకొందురు, పిల్లలు ఫోను పట్టుకొందురు.

ఫోనులో నున్న చిత్రము ఫోనుతోనే పోవును. ఏడాదికి నాలుగైనను ఏఱి కాగితముపై ముద్రింపించుకొనుట మేలు. వెనుకప్రక్క మెత్తని పెన్సిలుతో జంతువు పేరు, ఊరు, తేది వ్రాయవలెను. సిరా కొన్నాళ్లకు ముందువైపునకు ఊరును. ముద్రించిన పటమును కిటికీకి ఎదుటి గోడపై తగిలింపరాదు. అచ్చట ఎండ తగిలి నాలుగైదేండ్లకే రంగులు వెలియును. కిటికీ ఉన్న గోడకే, దాని ప్రక్కగా, చెమ్మ లేనిచోట వ్రేలాడదీయవలెను.